వేడి కప్పుకా, మనిషికా?

జనవరి చలిలో న్యూజెర్సీలోని ఒక మిత్రుడి కిరాణా గోదాముకు వెళ్లాను. బియ్యం బస్తాలు సర్దేవాళ్లు జాకెట్లు, గ్లవ్స్ వేసుకుని కూడా వణుకుతున్నారు. పైన గ్యాస్ హీటర్లు మాత్రం ఆగకుండా రొద చేస్తున్నాయి. ఇంకా పెద్ద హీటర్ పెట్టిస్తానన్నాడు మిత్రుడు.

సాఫ్ట్‌వేర్ వాడిని కదా, ముందు కొలిచి చూద్దామన్నాను. నేల దగ్గర 52 డిగ్రీల ఫారెన్‌హీట్. లిఫ్టు ఎక్కి కప్పు దగ్గర చూస్తే 78! వేడిగాలి పైకి పోతుందని చిన్నప్పుడు చదువుకున్నదే. డబ్బు పోసి మనం వెచ్చబెడుతున్నది పైకప్పుని.

మన వ్యాపారులకు నా మనవి ఒక్కటే. కొత్త హీటర్ కొనేముందు లారీలు ఆనే తలుపుల సందులు మూయించండి. పైనున్న వేడిని కిందికి తెచ్చే పెద్ద ఫ్యాన్లు పెట్టించండి. మనుషులు నిలబడే చోట రేడియంట్ హీటర్లు అమర్చండి. అవి నీరెండలా మనిషిని నేరుగా తాకుతాయి. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. కానీ సందులున్న గోదాములో అదీ చిల్లికుండలో నీళ్లే.

పెట్టిన ఖర్చు ఎప్పటికి తిరిగొస్తుందంటారా? కొంత జవాబు గ్యాస్ బిల్లులో దొరుకుతుంది. వేళ్లు కొంకర్లు పోయి బస్తా జారి కాలిమీద పడితే, ఆ లెక్క ఏ బిల్లులోనూ కనిపించదు. అందుకే థర్మామీటర్‌ను యజమాని గదిలో కాదు, బస్తాలు మోసేవాళ్లు నిలబడే చోట తగిలించండి.