ఆయా ఒక్కరు, పిల్లలు ఎందరు?

అమీర్‌పేట, పంజాగుట్ట తల్లిదండ్రులకు, డే కేర్ నిర్వాహకులకు, షాపుల యజమానులకు విజ్ఞప్తి

మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో, పంజాగుట్ట చీరల షాపుల్లో, నిమ్స్‌లో పనిచేసే తల్లులు పొద్దున్నే బిడ్డను డే కేర్‌లో దింపి డ్యూటీకి పరుగెడతారు. చేర్చేటప్పుడు ఫీజెంత, ఏసీ ఉందా, సీసీ కెమెరా ఉందా అని అడుగుతాం. ఒక్క ఆయా ఎంతమందిని చూసుకుంటుందని మాత్రం అడగం. ముందు అడగాల్సింది అదే.

ఏడాదిన్నర బిడ్డకు డైపర్ మార్చడం చిన్న పనేం కాదు. శుభ్రంగా కడగాలి. తొడల మడతల్లో తడి లేకుండా అద్దాలి. ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడాలి. కొత్తది తొడిగాక బిడ్డ చేతులూ తన చేతులూ సబ్బుతో కడగాలి. అంతసేపూ కదిలే బిడ్డను వదిలి పక్కకు వెళ్లకూడదు. అదే సమయంలో ఇంకో పిల్ల అమ్మ కావాలని గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ ఒక్క ఆయా ఎటు పోతుంది? తడి డైపర్ అలాగే ఉండిపోయి ఒళ్లు ఒరుసుకుపోతుంది. చంకనేసుకుని వీపు నిమిరితే ఊరుకునే పిల్లకు ఫోన్ చూపిస్తారు, లేదంటే గద్దిస్తారు. తప్పు ఆయాది కాదు, అంతమందిని ఆమెకు అప్పగించినవారిది.

ఈ పని ఎలా చేయాలో చూపిన ఉదాహరణ ఒకటుంది. బుడాపెస్ట్‌లో 1946లో ఎమ్మీ పిక్లర్ అనే పిల్లల డాక్టరమ్మ అనాథ శిశువులకు గృహం ప్రారంభించారు. గుడ్డలు మార్చేటప్పుడు బిడ్డ ముఖం చూస్తూ, ఏం చేస్తున్నదీ చెబుతూ చేయాలని అక్కడి ఆయాలకు నేర్పారు. కాళ్లమీద పడుకోబెట్టుకుని కబుర్లు చెబుతూ నీళ్లు పోసిన మన అమ్మమ్మలు చేసిందీ అదే. దానికి తీరిక ఉండాలి, అంటే ఒక్కొక్కరి చేతిలో పిల్లలు తక్కువ ఉండాలి.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018 మార్గదర్శకాల ప్రకారం మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి శిక్షణ పొందిన ఒకరు, తోడుగా ఒక సహాయకురాలు ఉండాలి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థ క్రెష్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రం) ఏర్పాటు చేయాలంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలివ్వాలంది. నలుగురు యజమానులు కలిసి ఒకే క్రెష్ పెట్టుకున్నా సరే. ఒకే రోడ్డు మీద వరసగా షాపులున్న పంజాగుట్టలో ఇది కష్టమేం కాదు.

డే కేర్ నిర్వాహకులారా, ఈరోజు పిల్లలెందరో, ఆయాలెందరో గుమ్మం దగ్గర బోర్డు మీద రాయండి. డైపర్ ఎప్పుడెప్పుడు మార్చారో పుస్తకంలో నమోదు చేయండి. ఆయాలకు శిక్షణ, బతకగలిగే జీతం ఇవ్వండి.

తల్లిదండ్రులారా, రేపు బిడ్డను దింపేటప్పుడు ఆయాల లెక్క అడగండి. ఒక్క ఆయాకు పదిమందికి మించి పిల్లలను అప్పగిస్తుంటే మిగతా తల్లిదండ్రులను కలుపుకుని ఇంకొకరిని పెట్టమని పట్టుబట్టండి. అందుకు ఫీజు కొంత పెరిగినా ఒప్పుకోండి.