కేసు భయముంటే ఒకటే, ప్రేమిస్తే వేరా?

మీరా నాయర్ 1991లో తీసిన 'మిసిసిపి మసాలా' సినిమాను బాగుచేసి 2022లో మళ్లీ విడుదల చేశారు. దాని పోటు ఇంకా తగ్గలేదు.

1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియా వాళ్లను వెళ్లగొట్టాడు. అట్లా ఇల్లూ వాకిలీ పోయిన జే కుటుంబం చివరికి అమెరికాలోని మిసిసిపి చేరి, చుట్టాల మోటెల్‌లో తలదాచుకుంటుంది. కూతురు మీనా నడిపే కారు, తివాచీలు శుభ్రం చేసే నల్లజాతి యువకుడు డిమిట్రియస్ వ్యానును గుద్దుతుంది. కేసు పెడతాడేమోనని మన దేశపోళ్లకు గుబులు. తెల్లోళ్లు కానోళ్లమంతా ఒకటేనంటూ చేతులు కలుపుతారు. వాళ్లిద్దరూ ప్రేమించుకున్నారని తెలిశాక? మోటెళ్లలో అతని పని పీకేస్తారు. బ్యాంకు అప్పు మెడ మీదికొస్తుంది.

మీనా నల్లపిల్ల, పైగా డబ్బు లేదు, మంచి సంబంధం ఎట్లా వస్తదని ఆడోళ్ల గుసగుసలు అంతకు ముందే ఉన్నాయి. ఈ తూకంరాళ్లు ఎక్కణ్ణుంచి మోసుకుపోయారో మన పల్లెల్లో వేరే చెప్పాలా?

జే బాధను మేము తక్కువ చెయ్యం. ఉగాండా సర్కారు మీద దావా వేసి న్యాయం కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తాడు. అదే మనిషి కూతురి దగ్గరికొచ్చేసరికి గేటు మూస్తాడు. ఎక్కణ్ణుంచో వచ్చి, మాలాగే నల్లగా ఉండి, తెల్లోళ్లలాగా మమ్మల్ని తొక్కుతారా అని డిమిట్రియస్ మొహం మీదే అడుగుతాడు.

సంఘాలవాళ్లు వీలైతే ఊళ్లలో ఈ సినిమా వెయ్యండి. ఆఖరికి ఆ ఇద్దరూ ఊరొదిలి పోతారు. పోవాల్సింది వాళ్లేనా? ఆ చర్చ పెట్టండి.