దానం ఇచ్చిన తేదీ, రోగికి చేరిన తేదీ

జీఎస్-2 సిలబస్‌లో ఎన్జీవోలు, స్వయం సహాయక బృందాల పక్కనే దాతలు, సేవాసంస్థలు అనే మాటలు కూడా ఉన్నాయి. ఎన్జీవోలకు ఎఫ్‌సీఆర్‌ఏ, బృందాలకు కుడుంబశ్రీ, సెర్ప్ అని నోట్స్ రాసుకుంటాం. దాతల దగ్గరికి వచ్చేసరికి సీఎస్‌ఆర్ అని ఒక్క ముక్క రాసి పేజీ తిప్పేస్తాం. ఆ పేజీలో ఉండాల్సిన విషయాల్లో డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ ఒకటి. పొట్టిగా డాఫ్ అంటారు. అమెరికాలో ఆస్పత్రులకు, వ్యాధుల మీద పనిచేసే సంస్థలకు విరాళాలు వెళ్లే దారుల్లో ఇదీ ఒకటి. ఇలాంటిది మన దేశంలోనూ ఉండాలనేవాళ్లున్నారు. ఉంటే మంచిదేనని నేనూ అంటాను, కాకపోతే గడువు పెట్టి. గడువు లేకపోతే పన్ను రాయితీ ఈ మార్చిలోనే దాతకు అందుతుంది, మందు రోగికి ఎప్పుడు అందుతుందో ఎవరూ చెప్పలేరు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. దాత తన డబ్బునో, షేర్లనో ఒక నిర్వాహక సంస్థకు ఇస్తాడు. ఆ క్షణం నుంచి చట్టం దృష్టిలో ఆ సొత్తు ఆ సంస్థది. దాతకు ఆ ఏడాదే పన్ను మినహాయింపు వస్తుంది. విలువ పెరిగిన షేర్లు ఇస్తే మూలధన లాభాల పన్ను కూడా తప్పుతుంది. ఆ తర్వాత ఏ సంస్థకు ఎంత ఇవ్వాలో దాత సలహా ఇస్తాడు. పేరుకు అది సలహాయే, నిర్వాహక సంస్థ కాదనడం అరుదు. ఈలోగా డబ్బు మార్కెట్లో పెరుగుతూ ఉంటుంది. 1931లో న్యూయార్క్‌లో మొదలైన ఈ పద్ధతి, 1991లో ఫిడెలిటీ లాంటి ఫైనాన్స్ కంపెనీ సొంత సేవావిభాగం పెట్టాక విస్తరించింది. చట్టంలో నిర్వచనం 2006లో గానీ రాలేదు. 2023 నాటికి ఈ ఖాతాల్లో ఉన్న మొత్తం 25,000 కోట్ల డాలర్లు దాటింది.

అమెరికాలో ప్రైవేట్ ఫౌండేషన్ ఏటా తన ఆస్తిలో దాదాపు 5 శాతం పంచాలని చట్టం ఉంది. డాఫ్‌కు అలాంటి నిబంధన లేదు. డాఫ్‌ల నుంచి సగటున ఏటా 20 శాతానికి పైగానే బయటికి వెళ్తోందని వాటి సమర్థకులు చెబుతారు. ఆ లెక్క నిజమే. కానీ సగటు సగటే. ఒక ఖాతా ఏడాదిలో ఖాళీ అయి, పక్క ఖాతా పదేళ్లు కదలకపోయినా సగటు బాగానే కనిపిస్తుంది. కదలని ఖాతాల మీద కొన్ని నిర్వాహక సంస్థలు సొంతంగా నిబంధనలు పెట్టుకున్నాయి. అది వాళ్ల మంచితనం, చట్టం కాదు.

వేరే రంగాల్లో ఈ ఆలస్యాన్ని కొంత సహించవచ్చేమో గానీ వైద్యంలో కుదరదు. మామూలు క్షయకు మందుల కోర్సు 6 నెలలు. ఆ 6 నెలల్లో మాత్ర ఎంత ముఖ్యమో తిండీ అంతే ముఖ్యం. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన రేషన్స్ అధ్యయనంలో క్షయ రోగుల ఇళ్లలోని పెద్దవాళ్లకు తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం దాదాపు 39 శాతం తగ్గింది. ఖర్చు చూస్తే ఎంత? అమెరికాలో ఒక ఖాతా మీద వచ్చే వడ్డీతో ఒక మండలానికి సరిపోతుంది. ఆ బియ్యం కోర్సు ముగిశాక వస్తే మాత్రం ఈ ఫలితం ఉండదు. 2022లో మొదలైన మన ని-క్షయ్ మిత్ర పథకంలో నాకు నచ్చేది ఇదే. రోగిని దత్తత తీసుకునే దాత కనీసం 6 నెలలు పోషకాహారం ఇస్తానని ఒప్పుకోవాలి. అంటే దాత క్యాలెండర్‌ను రోగి క్యాలెండర్‌కు కట్టేశారు. మొదటి బుట్టతో ఫొటో దిగి మాయమయ్యే మిత్రులు ఉండరని నేననను, కానీ పథకం రూపం సరైనది.

అలాగని డాఫ్‌ను కొట్టిపారేయలేం. మన దానాల తీరు తెలిసిందే కదా: ట్యూబులైటు ఇచ్చి వెలుతురు వచ్చే సగం మీద దాత పేరు రాయించుకుంటాం. మంచం, అంబులెన్స్, డయాలసిస్ యంత్రం ఇవ్వడానికి దాతలు దొరుకుతారు. ఆ యంత్రం దగ్గర నిలబడే టెక్నీషియన్ జీతానికి, శుద్ధి చేసిన నీటికి, ప్రతిసారీ వాడే ట్యూబులకు ఎవరూ దొరకరు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ముదిరిన మనిషికి వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ కావాలి, జీవితాంతం కావాలి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి పునాది ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, కోటి రూపాయలు. కానీ దాన్ని ఇన్నేళ్లు నడిపించిన వాటిలో ముఖ్యమైనది డబ్బు కట్టగలిగిన రోగుల ఫీజు. మదురైలో అరవింద్ ఆస్పత్రిదీ అదే కథ. కంటి ఆపరేషన్‌కు కుదిరిన ఈ లెక్క డయాలసిస్‌కు, పాలియేటివ్ కేర్‌కు కుదరదు. అక్కడ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వచ్చే డబ్బు కావాలి. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు కెపాసిటర్ అంటే చాలు: ఒక్కసారి వచ్చిపడే ఆవేశాన్ని నింపుకుని నిలకడగా వదులుతుంది. అవతల లోడ్ కలిపి ఉంటేనే సుమా.

మన చట్టంలో డాఫ్ అనే మాట లేదు. 80జి కింద రిజిస్టరైన సంస్థకు ఇస్తే సాధారణంగా 50 శాతం మినహాయింపు, అదీ ఆదాయంలో 10 శాతం పరిమితికి లోబడి. కొత్త పన్ను విధానంలో అదీ లేదు, ఇప్పుడు డిఫాల్ట్ ఆ విధానమే. ఒక ట్రస్టు ఇంకో ట్రస్టుకు డబ్బు ఇస్తే అందులో 85 శాతాన్నే ఖర్చుగా లెక్కిస్తామని 2023 ఫైనాన్స్ చట్టం చెప్పింది. గొలుసుకట్టుగా ట్రస్టులు పెట్టి, ప్రతి మెట్టు దగ్గరా 15 శాతం మిగుల్చుకుంటున్నారన్నది దానికి కారణం. దారిలో డబ్బు ఆగిపోతుందన్న అనుమానం మన శాసనకర్తలకు ముందునుంచీ ఉందన్నమాట.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లు డిసెంబర్‌లో కంపెనీ షేర్లు డాఫ్‌లో వేసి, సొంత జిల్లాలో ఆస్పత్రికి పంపాలనుకుంటారు. భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి తన జీతంలో దాచుకున్నది బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే డబ్బు డాఫ్ నుంచి వస్తే అది అమెరికా సంస్థ సొమ్ము, కాబట్టి ఎఫ్‌సీఆర్‌ఏ వర్తిస్తుంది. 2020 సవరణ ప్రకారం విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నోయెల్ హార్పర్ కేసులో దీన్ని సమర్థించింది. ఫలితం ఏమిటంటే, రిజిస్ట్రేషన్ ఉన్న నగరపు పెద్ద ఆస్పత్రికి డబ్బు వస్తుంది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగే చిన్న బృందానికి నేరుగా రాదు, పెద్ద ఆస్పత్రి ద్వారానూ రాదు. దేశభద్రత వాదనను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆరోగ్య సేవల వరకైనా, ఇద్దరూ రిజిస్టరైన సంస్థలైతే, లెక్కలు బహిరంగంగా పెట్టే షరతు మీద బదిలీకి వీలు కల్పించాలి.

దాత ఇష్టం వ్యాధి భారాన్ని బట్టి నడవదన్నదీ గుర్తుంచుకోవాలి. పసిపిల్లల గుండె ఆపరేషన్‌కు చెక్కు రాసే చెయ్యి స్కిజోఫ్రీనియాకు రాయదు, కుష్ఠుకు రాయదు. ఆ ఖాళీ ప్రభుత్వమే పూడ్చాలి. 2021-22లో కూడా దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం జనం జేబుల్లోంచే పోయింది.

ఇక గడువు సంగతి. అమెరికాలో 2021లో ఇద్దరు సెనేటర్లు 15 ఏళ్ల పరిమితితో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. మనం అంత దూరం వెళ్లక్కర్లేదు. కంపెనీల చట్టంలో 2021 నుంచి అమల్లో ఉన్న సీఎస్‌ఆర్ నిబంధన చూడండి: కొనసాగుతున్న ప్రాజెక్టు డబ్బు మిగిలితే విడి ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు చేయాలి, లేకపోతే ప్రభుత్వం పేర్కొన్న నిధికి వెళ్తుంది. డాఫ్‌కూ ఇదే మూడేళ్లు చాలు. గడువు పెడితే మార్చి నెలాఖరు హడావుడి ఖర్చు మొదలవుతుందన్న అభ్యంతరం సరైనదే, సీఎస్‌ఆర్‌లో చూస్తున్నదే. అందుకే మూడేళ్లలోపు ఏదైనా ఆస్పత్రితో, ఏటా ఇంత చొప్పున ఇస్తామని వెనక్కి తీసుకోలేని ఒప్పందం రాసుకుంటే, గడువు పాటించినట్టే లెక్కించాలి. టెక్నీషియన్‌కు అయిదేళ్ల జీతం అలా దొరుకుతుంది. పన్ను మినహాయింపులో సగం ఖాతాలో వేసిన రోజున, మిగతా సగం డబ్బు బయటికి వెళ్లిన రోజున ఇవ్వాలి. నెలకు వెయ్యి వేసే చిన్న ఉద్యోగికి మాత్రం ఖాతాలో చెప్పుకోదగ్గ మొత్తం చేరాకే గడువు లెక్క మొదలవ్వాలి.