ఆగిన బండికి జ్వరము

గత మాసము ఇంటిలోని నీళ్ల మోటారును గూర్చి ముచ్చటించుకొన్నాము. ఈ మాసము వీధిలోనికి పోదాము.

మా చింతాద్రిపేట 1734లో సుంకురామ చెట్టి తోటలో నేతపనివారి కొరకు వెలసిన పేట. మగ్గములకు సరిపోయిన వీధులే నేడు కార్లకు కూడ సరిపోవలెను. ఇక్కడ బండి నడుపుట కంటె ఆపుకొని కూర్చుండుటయే ఎక్కువ. అందుచేత మా బండ్లకు వచ్చే జబ్బు కూడ వేరు. పరుగెత్తినంతసేపు చల్లగా ఉండి, నిలిచిన చోట కాగిపోతాయి.

మా పాత కారుకు ఈ జబ్బు గత వైశాఖములో పట్టుకొన్నది. అమ్మను కంటి పరీక్షకు తీసికొనిపోతూ ఉండగా, మౌంటు రోడ్డు సిగ్నలు దగ్గర ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత దాటినది. బానెట్టు సందులలోనుండి ఆవిరి. నేను కంగారుపడి బానెట్టు ఎత్తి, తడిగుడ్డతో రేడియేటరు మూత తిప్పబోయినాను. ప్రక్కన ఆగిన ఆటో అబ్బాయి దూకి వచ్చి నా మణికట్టు పట్టుకొన్నాడు. “వద్దు సార్! మొగం కాలిపోతుంది” అన్నాడు.

ఆ మాటలోని శాస్త్రము తరువాత తెలిసినది. రేడియేటరు మూత లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది. అందుచేత 100 డిగ్రీలు దాటినా ఆ నీరు మరగదు. మూత తీసిన క్షణములో ఒత్తిడి పోయి, నీరు కొంత ఒక్కసారిగా ఆవిరియై, మరుగునీటితో సహా మీదికి ఎగజిమ్ముతుంది. కుక్కరులో ఆవిరి పోకముందే మూత తీసే ఇల్లాలు ఉన్నదా? ఆ జ్ఞానము నాకు లేకపోయినది.

బండిని ఒక వర్క్‌షాపుకు చేర్చినాను. ఇంజను చల్లారక ముందే, “గాస్కెట్టు పోయినది, హెడ్డు విప్పవలెను” అన్నారు. వారు చెప్పిన ఖర్చు నా నెల జీతము కంటె ఎక్కువ. ప్రావిడెంటు ఫండు అప్పుకు అర్జీ వ్రాయుచుండగా మా ఇంటావిడ, “జ్వరమన్నంత మాత్రాన కడుపు కోయిస్తారా? ఇంకొకరికి చూపించండి” అన్నది.

కూవము దాటితే పుదుప్పేట. బండి సామానుకు పేరు పొందిన చోటు. అక్కడి పెద్దాయన ఒకరు బండిని ముట్టుకోకుండా ఒకే ప్రశ్న వేసినారు. “పరుగులో ముల్లు దిగుతుందా?” దిగుతుందన్నాను. “అయితే ముందు ఫ్యాను చూతాము” అన్నారు.

కారణము చాల సులువు. బండి పరుగెత్తుతూ ఉంటే ఎదురుగాలి రేడియేటరును చల్లార్చుతుంది. ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. ఇంజను ఆడించి చూచినాము. ముల్లు ఎక్కినది, ఫ్యాను కదలలేదు. బ్యాటరీ నుండి నేరుగా తీగ ఇస్తే తిరిగినది, మోటారు మంచిదే. ఫ్యూజు కూడ మంచిదే. హారనుకు అదే రకము రిలే ఉండగా, దానిని తీసి ఫ్యాను రిలే స్థానములో పెట్టినారు. ఫ్యాను తిరిగినది, హారను మూగపోయినది! కొత్త రిలే కొనుటతో పని ముగిసినది. అర్జీ కాగితము చించివేసినాను.

అందరికీ రిలేయే కారణమని అనుకోరాదు. వరుసగా చూచుకొనవలెను. ఇంజను బాగా చల్లారిన తరువాత కూలెంటు మట్టము చూడండి. పిదప ఫ్యాను: ఫ్యూజు, రిలే, సెన్సరు, మోటారు. చాల కార్లలో ఏ.సీ. వేయగానే ఫ్యాను తిరగవలెను. ఇది ఇంటివద్దనే చేయదగిన పరీక్ష. అంబాసిడరు వంటి పాత బండ్లలో ఫ్యానును తిప్పే బెల్టు వదులైనదా చూడండి. రేడియేటరు రేకుల నడుమ దుమ్ము, పురుగులు అడ్డుపడినా గాలి పోదు. మూతలోని రబ్బరు, నీటి పంపు కూడ చూడదగినవే.

పరుగులో సైతము కాగితే అది వేరే కథ. థర్మోస్టాటు బిగిసిపోయి ఉండవచ్చును. బోరు నీరు పోయుటచేత లోపల ఉప్పు పేరుకొని ఉండవచ్చును. కారుట కనబడకుండానే కూలెంటు తగ్గుతూ, వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ వస్తూ, ఇంజను నూనె పాలకాఫీ రంగుకు తిరిగితే, అప్పుడు గాస్కెట్టును అనుమానించవలసినదే. ఆ బండిని నడపరాదు.

దారిలో ముల్లు ఎక్కుతూ ఉంటే ఏ.సీ. ఆపి, అద్దములు దించి, హీటరు పూర్తిగా వేయండి. ఇంజను వేడి కొంత లోనికి వస్తుంది. చెమట పడితే పడనివ్వండి. అయినా దిగకున్న ప్రక్కకు తీసి ఇంజను ఆపండి. మూత జోలికి పోకండి. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయకండి, లోహము పగులవచ్చును.

ఆ ఆటో అబ్బాయి పేరైనా అడుగలేదు. పచ్చదీపము రాగానే వెళ్లిపోయినాడు. అమ్మ మాత్రము నేటికీ దీపము పెట్టేటప్పుడు “ఆ బిడ్డ చెయ్యి చల్లగా ఉండాలి” అంటుంది.

వచ్చే మాసము బ్యాటరీని గూర్చి.