నలభై రెండో రోజున అడగాల్సిన ప్రశ్న

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లు ఆర్టీసీ బస్సుల్లో డబ్బు కట్టకుండా తిరుగుతున్నారు. బస్సులు కిటకిటలాడుతున్నాయి. అయినా ఆధార్ కార్డు చేతిలో పెట్టుకుని కూడా బస్సెక్కని వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. కూతురి దగ్గరికి వెళ్లాలంటే ముందు రాత్రి నుంచే మంచినీళ్లు మానేస్తారు. పొద్దున కాఫీ కూడా తాగరు. అప్పటికీ ధైర్యం చాలకపోతే "నాకు బస్సు పడదమ్మా, మీరెళ్లి రండి" అని ఇంట్లో ఉండిపోతారు. గతుకులో బస్సు ఎగిరినా, దగ్గొచ్చినా చీర తడిసిపోతుందన్నది వాళ్ల భయం. బస్టాండులో మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉందో, అందులో నీళ్లొస్తున్నాయో లేదో అన్నది ఇంకో భయం.

మా బంధువుల్లో యాభై దాటిన ఒకావిడ ఉంది. పెళ్లిళ్లలో ఎప్పుడూ చివరి వరసలో, గుమ్మానికి దగ్గరగా కూర్చుంటుంది. ముదురు రంగు చీరలే కడుతుంది. చేతిసంచిలో ఒక లంగా, పాత నూలు పంచె చింపి మడతలు పెట్టిన గుడ్డలు, తడిసినవి వేసుకోవడానికి ఒక ప్లాస్టిక్ కవరు ఉంటాయి. అందరూ పగలబడి నవ్వుతున్నప్పుడు ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని బిగుసుకుపోతుంది. నవ్వదనీ, గర్వమనీ చుట్టాల్లో పేరు. ఈ బాధ ఆవిడకి రెండో కాన్పు అయినప్పటి నుంచీ ఉంది. ఇన్నేళ్లలో బీపీకి చూపించుకుంది, థైరాయిడ్‌కి చూపించుకుంది, మోకాళ్లకి చూపించుకుంది. దీని గురించి ఏ డాక్టరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఒకసారి వాళ్లమ్మతో అంటే "పిల్లల్ని కన్నాక ఇవన్నీ మామూలేనే" అని సరిపెట్టేసిందట.

మామూలే, నిజం. చాలామందికి ఉంటుంది. కానీ చాలామందికి ఉన్నదల్లా ఓర్చుకోవాల్సిందే అని ఎవరు తీర్మానించారు? రక్తం తక్కువగా ఉండటం కూడా మన ఆడవాళ్లలో మామూలే. అందుకని ఊరుకున్నామా? ఇంటింటికీ ఐరన్ మాత్రలు పంచుతున్నాం. మూత్రం జారిపోవడం దగ్గరికొచ్చేసరికి మాత్రం వైద్యం ఉందన్న కబురే ఇళ్లకి చేరలేదు. వైద్యం ఉంది. అందులో మొదటిది, చాలామందికి పనిచేసేది ఖర్చు లేనిది కూడా.

కటి ఎముకల గూటికి అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు పరుచుకుని ఉంటాయి. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం మూడింటి బరువూ వాటి మీదే. నులక వదులైతే మంచం కుంగినట్టు, ఈ కండరాలు సాగిపోతే పైనున్నవి కిందికి దిగుతాయి. మూత్రనాళాన్ని మూసి ఉంచే పట్టూ సడలుతుంది. అప్పుడు దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బిందె ఎత్తినా కడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి చుక్కలు జారతాయి. ఇది ఒక రకం. రెండో రకంలో మూత్రాశయం నిండకుండానే తనంతట తాను ముడుచుకుంటుంది. ఇంటి తాళం తీస్తుండగానో, కుళాయి చప్పుడు వినబడగానో ఉన్నట్టుండి తోసుకొస్తుంది, బాత్రూం దాకా వెళ్లనివ్వదు. కొందరికి రెండూ కలిసే ఉంటాయి. తనది ఏ రకమో తెలిస్తేనే సరైన వైద్యం దొరుకుతుంది.

కారణాల్లో కాన్పుదే ముందు వరస. నొప్పులు చాలాసేపు సాగడం, బిడ్డ పెద్దది కావడం, ఫోర్‌సెప్స్ పెట్టి తీయడం ఈ కండరాలను దెబ్బతీస్తాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గడం, ఒంటి బరువు, ఏళ్ల తరబడి మలబద్ధకంతో ముక్కడం, వదలని దగ్గు, బరువులు మోసే పని దానికి తోడవుతాయి. అసలు పిల్లల్నే కనకపోయినా, గెంతులెక్కువ ఉండే ఆటలాడే అమ్మాయిల్లో కొందరికి ఇది ఉంటుంది. సిజేరియన్ అయితే ఈ గొడవ ఉండదనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే కాబట్టి ఈ మాట తేల్చుకోవాలి. నార్వేలో పదిహేను వేల మందికి పైగా ఆడవాళ్లను పరిశీలించిన అధ్యయనం 2003లో వచ్చింది. మూత్రం జారే బాధ కాన్పు కాని వాళ్లలో 10 శాతానికి, సిజేరియన్లే అయినవాళ్లలో 16 శాతానికి, మామూలు కాన్పులే అయినవాళ్లలో 21 శాతానికి ఉంది. అంటే కోత కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. బిడ్డను తొమ్మిది నెలలు మోయడమే ఆ కండరాలకు పెద్ద పని. ఈ ఒక్క భయంతో ఆపరేషన్ అడగాల్సిన పని లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. అదే జాతీయ సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. తెల్లబట్ట, నడుంనొప్పి, ముట్టులో ఎక్కువ రక్తం పోవడం, గర్భసంచి జారడం, అన్నింటికీ ఒకటే మందు అయిపోయింది. "పిల్లలైపోయారుగా, తీసేస్తే పోతుంది" అంటారు. మూత్రం జారడం అలా పోదు. స్వీడన్ అధ్యయనం ఒకటి 2007లో లాన్సెట్‌లో అచ్చయింది. గర్భసంచి తీయించుకున్నవాళ్లకు తర్వాతి కాలంలో మూత్రం జారకుండా చేసే ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం మిగతావాళ్ల కంటే రెండింతలకు పైగా ఉందని అది తేల్చింది. అవసరం లేకుండా గర్భసంచులు తీసేయడంపై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు మార్గదర్శకాలు అమలు చేయమని చెప్పాల్సి వచ్చింది. గర్భసంచి జారినవాళ్లకి లోపల అమర్చే సిలికాన్ రింగు ఉంటుందనీ, చాలామంది దానితో ఏ కోతా లేకుండా నెట్టుకురాగలరనీ మన ఊళ్లలో ఎందరికి చెబుతున్నారు?

ఇక ఆ ఖర్చు లేని వైద్యం సంగతి. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా గైనకాలజిస్టు 1948లో ఈ కండరాలకు వ్యాయామం నేర్పితే మూత్రం జారడం తగ్గుతుందని రాశాడు. ఆయన పేరు మీదే కెగెల్ వ్యాయామం అంటున్నాం. దగ్గితే జారే రకానికి ఇవాళ్టికీ ముందు చేయించాల్సింది ఇదే. చిక్కల్లా సరిగ్గా చేయడంలో ఉంది. 1991లో అమెరికాలో కొందరికి నోటిమాటగా చెప్పి చేయించి చూస్తే సగం మందే సరిగ్గా చేశారు. నలుగురిలో ఒకరు పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కారు. అలా చేస్తే బాధ పెరుగుతుంది. ఫోన్లో వీడియో చూసి నెల రోజులు చేసి "ఏమీ లాభం లేదు" అనేవాళ్లలో ఎందరు ఈ కోవలోకి వస్తారో.

నేర్పడం తెలిసిన ఫిజియోథెరపిస్టు ఇలా మొదలుపెడుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవమంటుంది. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాసు బయటికి రాకుండా ఎలా బిగబడతారో గుర్తుచేసుకోమంటుంది. ఆ చోటు దొరికాక వెనక నుంచి ముందుకి, లోపలికి, పైకి లాగమంటుంది. ఒక చేయి పొట్ట మీద ఉంచుకోవాలి. పొట్ట బయటికి ఉబికితే ముక్కుతున్నట్టే. పిరుదులు, తొడలు బిగుసుకుంటే తప్పు కండరం పనిచేస్తున్నట్టు. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టమంటుంది, ఎందుకంటే మాట వస్తోందంటే ఊపిరి బిగబట్టలేదని అర్థం. మొదట్లో మూడు లెక్కలకే జారిపోతుంది. ఫరవాలేదు. మెల్లగా పది దాకా వెళ్లాలి. పట్టుకున్నంత సేపూ వదలాలి కూడా, ఎందుకంటే వదలడం రాని కండరం కూడా నొప్పి పెడుతుంది. కనీసం ఎనిమిది సార్లు, రోజుకి మూడు పూటలు, మూడు నెలలు. అనుమానముంటే ఆమె లోపల వేలితో పరీక్షించి, ఎక్కడ పట్టు ఉందో చెబుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం మాత్రం అలవాటు చేసుకోకూడదు. అలా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా మిగిలిపోయే ప్రమాదముంది.

దీనికి తోడు ఒక చిన్న మెళకువ నేర్పుతారు. తుమ్ము వస్తోందని తెలియగానే, బిందె ఎత్తబోయే ముందే ఆ కండరాన్ని బిగించడం. అలవాటైతే చేయి అడ్డం పెట్టుకున్నంత సులువుగా వస్తుంది. ముందు చెప్పిన మా బంధువులావిడ చివరికి ఈ వ్యాయామాలు మొదలుపెట్టాక, మొదట తేడా తెలిసింది ఇక్కడే.

ఆగకుండా తోసుకొచ్చే రకానికి వేరే శిక్షణ ఉంది. గంటకోసారి పరిగెత్తే అలవాటు ఉంటే, ఆ గంటను గంటంబావు చేసి, ఆరు వారాల పాటు మెల్లగా పెంచుతూ పోవాలి. తోసుకొచ్చినప్పుడు పరుగెత్తకుండా, ఉన్నచోటే నిలబడి కండరం బిగించి, ఆ ఒత్తిడి తగ్గాక నడవాలి. కాఫీ, టీలు తగ్గించాలి. దానితో చాలకపోతే మందులున్నాయి. పెద్ద వయసు వాళ్లకి వాటిలో కొన్ని నోరెండటం, మతి తడబడటం తెస్తాయి కాబట్టి డాక్టరు చూసి ఇవ్వాలి. ముట్లుడిగిన వాళ్లకి యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము మేలు చేయొచ్చు.

నీళ్లు మానేయడం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన ఆడవాళ్లు ముందు చేసేది అదే. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది. మలం గట్టిపడుతుంది, ముక్కుడు పెరుగుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షను రావచ్చు. ఆపాలనుకున్నది ఎక్కువవుతుంది.

బరువు ఎక్కువున్నవాళ్లకి ఇంకో మంచి కబురు. అమెరికాలో 2009లో వచ్చిన అధ్యయనంలో ఒంటి బరువు సగటున 8 శాతం తగ్గించుకున్న ఆడవాళ్లలో జారే సందర్భాలు ఆరు నెలల్లో దాదాపు సగానికి పడిపోయాయి. డెబ్భై అయిదు కిలోలున్నావిడ ఆరు కిలోలు తగ్గడం అన్నమాట. వీటన్నింటికీ లొంగని వాళ్లకి మూత్రనాళం కింద పట్టీ వేసే ఆపరేషన్ ఉంది. కొన్ని దేశాల్లో యోనిగుండా పెట్టిన వల పట్టీల వల్ల నొప్పులతో కుంగిపోయినవాళ్లున్నారు కాబట్టి లాభనష్టాలు అడిగి, ఆలోచించుకునే సమయం తీసుకునే ఒప్పుకోవాలి.

ఇదంతా ఇంతకాలం తెలియకపోవడంలో ఆడవాళ్ల తప్పు ఇసుమంత కూడా లేదు. బాలింతని పొట్ట కట్టు గట్టిగా కట్టుకోమని ఇంట్లో అందరూ చెబుతారు. ఆ పొట్ట కింద ఉన్న కండరాల సంగతి ఎవరూ ఎత్తరు. ఫ్రాన్స్‌లో కాన్పయ్యాక కటి కండరాల శిక్షణకి పది సిట్టింగుల ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య బీమాయే భరిస్తుంది. మనం అంత దూరం పోలేకపోవచ్చు. కానీ మనకి ఆశా కార్యకర్తలున్నారు. ఆసుపత్రిలో కాన్పయిన ప్రతి ఇంటికీ ఆమె ఆరుసార్లు వెళ్తుంది, చివరిసారి నలభై రెండో రోజున. బిడ్డ బరువు తూస్తుంది. తల్లిని రక్తం ఎక్కువగా పోతోందా, జ్వరముందా, పాలు పడుతున్నాయా అని అడుగుతుంది. ఆమె నింపే కాగితంలో ఇంకొక్క గడి చేర్చాలి: "దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం జారుతోందా?" ఈ మాట ఆశా అడిగితే చెప్పడం సులువు. తను కూడా ఇద్దరు పిల్లల తల్లే, ఆ ఊరి కోడలే. అవునన్న వాళ్లని పంపడానికి ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా ఈ శిక్షణ తెలిసిన ఫిజియోథెరపిస్టు ఉండాలి. ముప్పై దాటిన ఆడవాళ్లని రొమ్ములో గడ్డలున్నాయా అని అడిగే ఫారం ఎలాగూ ఉంది, అందులోనూ ఈ ప్రశ్న ఉండాలి. రెండు ప్రభుత్వాలూ ఉచిత బస్సుకి వేల కోట్లు ఖర్చు పెడుతున్నాయి. ఆ బస్సెక్కడానికి ధైర్యమిచ్చే ఈ పనికి అందులో వెయ్యో వంతు కూడా పట్టదని నా నమ్మకం.

ఆలస్యం చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, కాన్పో ఆపరేషనో అయ్యాక దగ్గుతో పనిలేకుండా రాత్రింబవళ్లు కారుతూనే ఉండటం, వీటికి వ్యాయామాలు చేస్తూ కూర్చోకూడదు, వెంటనే చూపించుకోవాలి. తొడల మధ్య తిమ్మిరెక్కి, కాళ్లలో బలం తగ్గి, మూత్రం మీద పట్టు తప్పితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మిగతావాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి. ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడెప్పుడు జారింది, అప్పుడేం చేస్తున్నారు, ఎన్ని గ్లాసుల నీళ్లు, ఎన్ని కాఫీలు తాగారు. బీపీ, షుగరు చూపించుకుని లేచి గుమ్మం దాకా వచ్చాక "ఇంకోటి డాక్టరు గారూ" అని గొణగొద్దు. అప్పటికి బయట పిలిచే నంబరు మారిపోతుంది. కూర్చోగానే ఆ కాగితం బల్ల మీద పెట్టండి, మిగతావి తర్వాత అడగొచ్చు.