పాత కొలువు ధూళి

రాతినార అన్న మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. సిమెంటు రేకు అంటే తెలుస్తుంది, ఆస్బెస్టాస్ అంటే ఇంకా బాగా తెలుస్తుంది. రాతిలో పుట్టి, దూదివలె పోగులుగా విడివడి, నిప్పులో వేసినా కాలని వింత వస్తువు ఇది. మన కడప జిల్లాలో పులివెందుల ప్రాంతాన దీని గనులు ఉండేవి. కాలదు గనుక బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు చుట్టారు, ఓడలలో, రైళ్ళలో వాడారు, బ్రేకులలో పెట్టారు, సిమెంటులో కలిపి రేకులు పోశారు. మన కుటుంబాలలో తాతల నాడు బొంబాయి, షోలాపూరు, హుబ్లీ, పెరంబూరు చేరినవారు చాలామంది మిల్లులలోను, రైల్వే వర్క్‌షాపులలోను బ్రతికినవారే. అందుచేత ఈ నెల ఈ సంగతి ఎత్తుకొన్నాము.

ఒక సోదరి వ్రాసిన ఉత్తరం కూడా ఇందుకు కారణం. ఆమె మామగారికి 74 ఏళ్ళు. ఆయాసం, ప్రక్కలో నొప్పి. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి చుట్టూ నీరు. మన పెద్దల మాటలో నెమ్ము. నీరు తీశారు, ఆరు నెలలు క్షయ మందులు ఇచ్చారు. నీరు మళ్ళీ పట్టింది. మళ్ళీ తీశారు. మూడవసారి వేరొక డాక్టరుగారు, "వయసులో ఉండగా ఏమి పని చేసేవారండీ?" అని అడిగారట. రిటైరై పదహారేళ్ళయింది, ఇప్పుడు ఆ గొడవ ఎందుకని ఇంట్లోవారు విసుక్కొన్నారట. అసలు గొడవంతా అక్కడే ఉన్నది.

ఊపిరితిత్తులను రెండు పొరల పలుచని తిత్తి ఒకటి కప్పి ఉంటుంది. ఆ పొరలో పుట్టే రాచపుండుకు మీసోథీలియోమా అని పేరు. కొందరికి ఇది కడుపు లోపలి పొరలోనూ వస్తుంది. రాతినారను కోసినా, దులిపినా లేచే పోగులు కంటికి కనబడవు. పీల్చినవాటిలో కొన్ని ఊపిరితిత్తి అంచుదాకా పోయి ఆ పొరను చేరుతాయి. శరీరం వాటిని కరగించలేదు, పూర్తిగా బయటికి నెట్టలేదు. ఏళ్ళ తరబడి అక్కడ వాపు రగులుతూ ఉండి, చివరకు కణాలు దారి తప్పుతాయి. పీల్చిన నాటినుండి జబ్బు బయటపడేవరకు సాధారణంగా 30, 40 ఏళ్ళు పడుతుంది. అంతకు మించినా మించవచ్చు. చుట్ట, బీడీ ముట్టనివారికీ వస్తుంది.

ఈ సంబంధం లోకానికి స్పష్టంగా తెలిసింది 1960లో. దక్షిణాఫ్రికాలో నీలిరకం రాతినార తవ్వే కేప్ ప్రాంతపు రోగులను డాక్టరు వాగ్నరు, ఆయన సహచరులు పరిశీలించి 33 మంది సంగతి ప్రకటించారు. అందరూ గనిలో దిగినవారు కారు. చిన్నతనంలో ఆ గనుల దగ్గర పెరిగి, ఊరు వదలి వెళ్ళిపోయినవారూ వారిలో ఉన్నారు. 1965లో లండనునుండి వెలువడిన మరొక పరిశీలనలో, ఫ్యాక్టరీ గడప తొక్కకపోయినా రాతినార కార్మికులతో ఒకే ఇంట్లో ఉన్న 9 మంది రోగులు తేలారు. భర్త పనిబట్టలు దులిపి ఉతకడమే వారిలో తరచు వినబడిన కథ. మన ఇళ్ళలో ఆ పని ఎవరు చేసేవారో చెప్పనక్కరలేదు. కాబట్టి అత్తగారికి ఆయాసం వస్తే, ఆమె ఏ ఉద్యోగమూ చేయలేదు గదా అని ఊరుకోరాదు. మామగారి కొలువు సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

ఇది చదివి ప్రతి దగ్గుకూ గుండె జారవిడుచుకోవద్దు. మీసోథీలియోమా అరుదైన జబ్బు. మన దేశంలో నెమ్ముకు క్షయ పెద్ద కారణం గనుక డాక్టర్లు ముందు దానిని అనుమానించడం తప్పు కాదు. మగ్గం దగ్గర నిలబడినవారికంటే బాయిలరు గదిలో గొట్టాలకు కట్టు కట్టినవారికి, పాత కట్టు ఊడదీసినవారికి భయం ఎక్కువ. కాని మందులు వాడినా నీరు మళ్ళీ మళ్ళీ వస్తూంటే, తీసిన నీటి పరీక్షతో తృప్తిపడరాదు. జబ్బు కణాలు ఆ నీటిలో చాలాసార్లు దొరకవు. సి.టి. స్కాన్ తీసి, ప్రక్కటెముకల మధ్యనుండి సన్నని గొట్టం దూర్చి లోపల చూచి, పొరలో చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే సంగతి తేలుతుంది. బయాప్సీ అనగానే "కత్తి తగిలితే రాచపుండు ప్రాకుతుంది" అని అడ్డుపడే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వారికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి, సంతకం మాత్రం ఆపవద్దు.

చికిత్స విషయం దాచి వ్రాయడం మాకు ఇష్టం లేదు. దీనిని పూర్తిగా కుదిర్చే మందు ఇంకా లేదు. 2003లో ప్రకటించిన పరీక్షలో, సిస్‌ప్లాటిన్ ఒక్కటే ఇచ్చినవారిలో సగం మంది సుమారు 9 నెలలు దాటారు. దానికి పెమెట్రెక్సెడ్ చేర్చినవారిలో సగం మంది 12 నెలలు దాటారు. ఆ మందుతోపాటు ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను తప్పక ఇస్తారు. వాటిని ఉత్త బలం మందులని మానరాదు. 2020నుండి శరీరపు రక్షణశక్తిని మేలుకొలిపే నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జంటగా వాడుకలోకి వచ్చాయి. వాటితో ఆ లెక్క 18 నెలలకు చేరింది. ఇవి సగటు మనిషి లెక్కలు. ఏళ్ళు గడిపినవారూ ఉన్నారు. ఖర్చు మాత్రం మనవంటి జీతగాళ్ళకు గుండె ఆగేంత. పెద్ద ఆపరేషను చేస్తే పోతుందేమోనన్న ఆశ చాలాకాలం ఉండేది. బ్రిటనులో జరిపి 2024లో ప్రకటించిన పరీక్షలో, మందులతోపాటు ఆపరేషను కూడా చేయించుకొన్నవారు ఎక్కువకాలం బ్రతకలేదు సరికదా, బాధలు ఎక్కువ పడ్డారు. ఇల్లు తాకట్టు పెట్టేముందు ఈ మాట డాక్టరుగారిని అడగండి. నీరు మళ్ళీ చేరకుండా పొరల మధ్య టాల్కు పొడి వేసి అతికించడం, ఇంట్లోనే నీరు తీసుకొనే గొట్టం అమర్చడం, నొప్పికీ ఆయాసానికీ తగు మోతాదులో మార్ఫీను ఇవ్వడం చిన్న పనులుగా కనబడతాయి. రోగికి రాత్రి నిద్ర పట్టించేవి ఇవే.

ఇక కాగితాల సంగతి. ఇది మా వృత్తి గనుక కొంచెం స్వతంత్రించి చెబుతాము. రాతినార వలన వచ్చే మీసోథీలియోమా పరిహారపు చట్టంలో ఉద్యోగపు జబ్బుగా నమోదై ఉన్నది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటినుండి 40 ఏళ్ళు గాని, కొలువు వదలిన తరువాత 15 ఏళ్ళు గాని, ఏది వెనుక వస్తే అంతవరకు యజమాని భద్రపరచాలి. తీర్పు బంగారంవంటిది. అయితే నలభై ఏళ్ళ కాగితం ఆఫీసు గదులలో ఏమవుతుందో గుమాస్తాలమైన మాకు తెలుసు. మిల్లులు మూతపడ్డచోట ఆ గదులే లేవు.

అందుచేత పెద్దవారికి జ్ఞాపకం ఉండగానే ఒక తెల్లకాగితం తీసుకొని వ్రాయించండి: ఏ ఏడు నుండి ఏ ఏడు వరకు, ఏ ఊళ్ళో, ఏ ఖాతాలో, ఏ పని; ధూళి లేచేదా; ఎవరెవరు కలిసి పనిచేశారు; వారిలో ఇప్పుడు ఎవరున్నారు. కాంట్రాక్టరు క్రింద చేసిన కాలం ఉంటే ఆయన పేరుతో సహా వ్రాయండి, ఏ రిజిస్టరులోనూ ఉండనిది అదే. పాత పాసు, ప్రావిడెంటు ఫండు చీటీ, ఇ.ఎస్.ఐ. కార్డు దొరికితే జతచేయండి. ఒక ప్రతి ఆసుపత్రికి, ఒక ప్రతి ఇంటి పెట్టెలోకి.