మీట ఇప్పుడు, అక్షరం ఎప్పుడో

ల్యాప్‌టాప్ నెమ్మదించడం వేరు, మీట నొక్కిన కాసేపటికి గానీ అక్షరం తెరమీద పడకపోవడం వేరు. ఫైలు తెరవడానికి నిమిషం పట్టే యంత్రంలో టైపింగ్ సాఫీగా సాగవచ్చు. అన్నీ చకచకా తెరుచుకునే కొత్త యంత్రంలో మౌస్ బాణం ఈడ్చుకుంటూ నడవవచ్చు. ఏ జబ్బో తేల్చుకోకుండానే ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనడం చాలా రిపేరు షాపుల్లో అలవాటైపోయింది. డబ్బుతో పాటు ఫొటోలు కూడా పోయేది అక్కడే.

మీట నొక్కాక స్పందన 0.1 సెకనులోపు రావాలని ఐబీఎంకు చెందిన రాబర్ట్ మిల్లర్ 1968లోనే రాశాడు. అది దాటితే వేళ్లకూ కళ్లకూ పొత్తు కుదరదు. అందుకే అరసెకను ఆలస్యం కూడా అంత చిరాకు పుట్టిస్తుంది.

ముందు తేల్చాల్సింది, తప్పు కీబోర్డుదా, లోపలి యంత్రానిదా అన్నది. వైరున్న యూఎస్‌బీ కీబోర్డు ఒకటి అరువు తెచ్చి తగిలిస్తే చాలావరకు తెలిసిపోతుంది. దాంతో అక్షరాలు వెంటనే పడుతుంటే లోపం ల్యాప్‌టాప్ కీబోర్డులోనో బ్లూటూత్‌లోనో ఉన్నట్టు. బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాల మీద. యూఎస్‌బీ 3.0 పరికరాలు అదే పౌనఃపున్యంలో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లో ప్రకటించింది. పక్కనే గుచ్చిన ఎక్స్‌టర్నల్ డిస్కును తీసేయగానే మౌస్ దారికి రావడం వింతేమీ కాదు. ఇక విండోస్‌లో ఫిల్టర్ కీస్ అనే సదుపాయం ఉంది. కుడివైపు షిఫ్ట్ మీటను 8 సెకన్లు నొక్కి ఉంచితే అది ముందుకొస్తుంది. చేతులు వణికేవారికి ఎంతో మేలైన ఏర్పాటే, కానీ పొరపాటున ఆన్ అయితే మీటలు మొరాయించినట్టే ఉంటుంది. తెలుగు టైప్ చేసేటప్పుడే ఆలస్యమైతే భాషను ఇంగ్లిష్‌కు మార్చి చూడాలి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే సాఫ్ట్‌వేర్ ప్రతి మాటకూ సూచనలు వెతకాలి. తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్‌కు ఆ బరువు లేదు.

యూఎస్‌బీ కీబోర్డుతోనూ అదే తీరైతే లోపలికి వెళ్లాల్సిందే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ప్రాసెసర్ 10 శాతం దగ్గరే ఉండి, డిస్క్ 100 శాతం చూపిస్తే కారణం తేటతెల్లం. నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక చుట్టుకే 11 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. చిన్న చిన్న ముక్కలు వెతికి తేవాలంటే సెకనుకు వంద దాటడమే గగనం. ఎస్‌ఎస్‌డీకి తిరిగే పళ్లెమే లేదు గనుక అలాంటివి వేలల్లో చేస్తుంది. పాత ల్యాప్‌టాప్ మీద పెట్టే ఖర్చుల్లో ఎస్‌ఎస్‌డీ వేయించడమంత గిట్టుబాటయ్యేది మరొకటి లేదు. ర్యామ్ 4 జీబీయే ఉండి, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే, చాలని ర్యామ్‌కు బదులు యంత్రం డిస్కునే వాడుకుంటుంది. అప్పుడు రెండు జబ్బులూ ఒకటై కూర్చుంటాయి.

అరగంట బాగా నడిచి ఆ తర్వాత బిగుసుకుపోయేది వేడి వల్ల. చిప్ 100 డిగ్రీల దరికి చేరితే, కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టి వాడితే గాలి దారి మూసుకుపోతుంది, ఫ్యానులో దుమ్ము పేరుకుంటే మరీ అధ్వానం. కంపెనీది కాని చార్జర్‌ను కొన్ని ల్యాప్‌టాప్‌లు గుర్తించవు. అప్పుడు కూడా వేగం తగ్గుతుంది. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు పైకి లేచి, క్లిక్ పడకపోతే బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అలాంటి యంత్రాన్ని వెంటనే ఆపేసి మెకానిక్‌కు ఇవ్వాలి, నొక్కి సరిచేయబోతే నిప్పు రేగవచ్చు.

టీవీని తెరగా వాడేచోట ఆలస్యం టీవీదే కావచ్చు. బొమ్మను మెరుగుపరిచే పని సమయం తింటుంది. గేమ్ మోడ్ పెడితే ఆ పని తగ్గుతుంది.

మరొక చిన్న సంగతి చాలామందికి తెలియదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా వ్యవస్థలో కొంత భాగం డిస్కులో దాగి, మళ్లీ అలాగే లేస్తుంది. పూర్తిగా కొత్తగా మొదలు కావాలంటే రీస్టార్టే చేయాలి. అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో ఆలస్యం పోతే డ్రైవర్‌నో, తనంతట తాను మొదలయ్యే ఏదో ప్రోగ్రామ్‌నో అనుమానించవచ్చు. నిన్నమొన్న వేసినదాన్ని ముందు తీసి చూడాలి.

ఇవన్నీ చూశాకే ఫార్మాట్ మాట ఎత్తాలి, అదీ డేటాను వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాకే. షాపుకు ఇచ్చే ముందు టాస్క్ మేనేజర్ తెరను ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే, అక్కరలేని ర్యామ్ అంటగట్టడం ఎవరికైనా కష్టమే.